పద్నాలుగో నమూనా

మా గోనెసంచుల అభివృద్ధి మండలికి ఉన్నట్టుండి ఆరోగ్యం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. కారణం మా ఎం.డి. గారు. ఆయన ఎక్కడో కొండల మీద పది రోజుల శిక్షణకు వెళ్ళి, నాలుగు కిలోలు తగ్గి వచ్చారు. తగ్గిన మనిషి ఊరుకోడు కదా, మిగతావాళ్ళు ఎందుకు తగ్గలేదని చూస్తాడు. ఆయన రాజధానిలో దిగిన మూడో రోజున మా ప్రాంతీయ కార్యాలయానికి సర్క్యులరు వచ్చింది.

"ఆధునిక కార్యాలయ జీవనమున పచ్చి కూరగాయల వినియోగము ఆవశ్యకమనియు, సదరు కూరగాయలకు రుచి కల్పించు ద్రవ్యములే స్థూలకాయమునకు మూలమనియు మండలి గ్రహించినది. కావున ఇకపై మండలి క్యాంటీన్లలో ఆమోదిత అల్ప కెలోరీ శాకోపలేపన ద్రవ్యము లేనిదే ఏ కూరగాయను వడ్డించరాదు. రెండు చెంచాల ద్రవ్యమున ముప్పది కెలోరీలు మించరాదు."

శాకోపలేపన ద్రవ్యం అంటే ఏమిటో మొదటి రోజు ఎవరికీ అర్థం కాలేదు. మా స్టోర్సు గుమాస్తా అది గోడలకు వేసే రంగనుకుని పాత బ్రష్షుల లెక్క తీశాడు. మర్నాడు వివరణ వచ్చింది. సలాడ్ డ్రెస్సింగ్ అట. ముక్కల మీద పోసుకునే పులుపో, పెరుగో, నిమ్మరసమో అన్నమాట. మా వైపు దాన్ని ఆవపెట్టడమనీ, నిమ్మకాయ పిండడమనీ, పెరుగులో కలపడమనీ దేనికది అంటాం గానీ, అన్నిటికీ కలిపి ఒక పేరుండాలని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు. పేరు లేనంత కాలం దానితో ఎవరికీ ఇబ్బంది కూడా లేదు.

ఆ పేరులేని పనిని మా క్యాంటీన్లో పదకొండేళ్ళుగా చేస్తున్నది బూరాడ అప్పలనర్సమ్మ. ఆవిడా, కోడలూ కలిసి అరవై రెండు మందికి మధ్యాహ్నం భోజనం పెడతారు. ఒకరోజు దోసకాయ ముక్కలకు ఆవ పెట్టి పెరుగులో కలుపుతుంది. ఒకరోజు కేరట్ తురుములో నానిన పెసరపప్పు వేసి నిమ్మకాయ పిండుతుంది. వంకాయ కాల్చి పచ్చిపులుసు పిసికిన రోజున మా అకౌంట్సు విభాగం మొత్తం పన్నెండు గంటలకే చేతులు కడుక్కుని కూర్చుంటుంది. ఇందులో నూనె బొట్టు ఉండదు. నర్సమ్మకు నూనె మీద కోపమేమీ లేదు. వెన్న తీసేసిన పెరుగు చవకగా వస్తుంది, నూనె చవకగా రాదు, అంతే.

సర్క్యులరు చివర ఒక వాక్యం ఉంది. మార్చి ముప్పై ఒకటిలోగా ఆమోదిత ద్రవ్యం చూపించలేని క్యాంటీను కాంట్రాక్టును రద్దుచేసి, సీలు వేసిన ప్యాకెట్లు సరఫరా చేసే నగరపు కంపెనీకి అప్పగిస్తారు. నేను ఆ వాక్యాన్ని నర్సమ్మకు చదివి వినిపించాను. ఆవిడ పప్పు గుత్తిని గిన్నె అంచుకు ఆనించింది.

"పదకొండేళ్ళు తిన్నారు కదా బాబూ, ఒక్కలికైనా కడుపునొప్పొచ్చినాదా?" అంది.

రాలేదన్నాను. ఆ మాట సర్క్యులరులో రాయలేదా అని అడిగింది. రాయలేదన్నాను.

ద్రవ్యాన్ని నిర్ధారించడానికి సంఘం వేశారు. అధ్యక్షులు మా ప్రాంతీయ మేనేజరు పొట్నూరు విశ్వంభరరావు గారు. సభ్యురాలు నాణ్యతా విభాగం అధికారిణి సుభద్రాదేవి గారు. కన్వీనరును నేను. మేనేజరు గారి గది తలుపుకు దగ్గరగా ఎవరి కుర్చీ ఉంటే వాళ్ళే కన్వీనరు కావడం మా ఆఫీసు ఆనవాయితీ. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నేను పదిహేడు సంఘాలకు కన్వీనరుగా ఉన్నాను. ఒక్కటీ తేలలేదు, అందుకే నాకు మంచిపేరుంది.

విశ్వంభరరావు గారు చెడ్డ మనిషి కారు. కాగితం మీద ఏముంటే అదే చేస్తారు, కాగితం మీద లేనిది వాన కురిసినా నమ్మరు. సర్క్యులరును నాలుగుసార్లు చదివి, మొదటి సమావేశంలోనే నాకేసి తిరిగి ఒక చిక్కు బయటపెట్టారు.

"మూర్తి గారూ, ఆమోదిత ద్రవ్యము లేనిదే కూరగాయ వడ్డించరాదని స్పష్టముగా ఉన్నది. ఆమోదిత ద్రవ్యము నేటికి లేదు. కావున నేటి నుండి కూరగాయ లేదు."

ద్రవ్యం తేలేదాకా ముక్కలు ఉత్తగానే పెట్టవచ్చునేమో అని నేను సణిగాను. అలా పెడితే సర్క్యులరు ధిక్కారమవుతుందని ఆయన అన్నారు. ఆ విధంగా పచ్చి కూరగాయల వినియోగాన్ని పెంచే పథకం కింద మా క్యాంటీన్లో కూరగాయలు ఆగిపోయాయి.

అరవై రెండు మంది ఏదో ఒకటి తినాలి కదా. ఉల్లిపాయ కూరగాయేనా అని మేం కేంద్ర కార్యాలయానికి రాశాం. వారం తర్వాత జవాబు వచ్చింది. ఉల్లిపాయ పచ్చిగా ఉన్నప్పుడు కూరగాయ, పకోడీలో ఉన్నప్పుడు పకోడీకి అంతర్భాగం. అదే న్యాయం మిరపకాయ బజ్జీకీ, అరటికాయ బజ్జీకీ వర్తిస్తుందని విశ్వంభరరావు గారు ఫైల్లో రాసుకున్నారు. ఆనాటి నుంచి భోజనంలో పప్పు, అప్పడం, బజ్జీ, పకోడీ. ఆరోగ్య పథకం ఇంత బాగుంటుందని మా వాళ్ళెవరూ అనుకోలేదు. సెలవులో ఉన్నవాళ్ళు కూడా మధ్యాహ్నానికి వచ్చి వెళ్ళేవారు.

నర్సమ్మ మాత్రం బజ్జీలు వేస్తూ గొణుక్కునేది. ఇంత నూనె తన చేత్తో ఎన్నడూ పొయ్యలేదనేది.

పథకం ఫలితాలు తెలియాలంటే సిబ్బంది బరువు చూడాలని మరో ఉత్తర్వు వచ్చింది. మాకు బరువు చూసే యంత్రం ఎందుకు, సంచులు తూచే కాంటా ఉంది. నెల మొదటి తారీకున అందరం గోదాములో వరసగా నిలబడి కాంటా ఎక్కాం. రిజిస్టరులో గడులు క్వింటాళ్ళలోనే ఉంటాయి కాబట్టి నా పేరుకెదురుగా సున్న పాయింట్ ఏడు ఒకటి అని రాశారు. డెస్పాచ్ గుమాస్తా సున్న పాయింట్ తొమ్మిది ఆరు. అతను దిగుతూ దిగుతూ, ఇంకో నాలుగు పకోడీలు తింటే పూర్తి క్వింటాలు అవుతానని సంబరంగా చెప్పాడు. తర్వాతి నెల నిజంగానే అయ్యాడు.

ఇక నమూనాల సంగతి. ద్రవ్యాన్ని పరీక్షించమన్నారు గానీ ఎలా పరీక్షించాలో సర్క్యులరులో లేదు. మా దగ్గరున్న పరీక్షశాల ఒక్కటే, అది గోనెసంచులది. ఫారమూ ఒక్కటే. సుభద్రాదేవి గారు ఆ పరీక్షశాలలో పంతొమ్మిదేళ్ళుగా ఉన్నారు. ఆవిడ చేతిలో పడ్డ వస్తువు ఏదైనా సరే ఫారం ప్రకారం తూచబడాలి, కింద పడెయ్యబడాలి, ఎండబెట్టబడాలి. కెలోరీల కోసం ఫారం అడుగున పెన్నుతో ఒక గడి గీసి, బరువును సర్క్యులరు వెనకున్న పట్టికలోని అంకెతో హెచ్చవేసి అందులో రాశారు. రుచికి గడి లేదు. సంచులకు రుచి ఉండదు కదా.

మొదటి నమూనా ఆవపెట్టిన పెరుగు. ఫారంలో మొదటి పరీక్ష, నాలుగడుగుల ఎత్తు నుంచి జారవిడవడం. నిండు సంచిని నాలుగడుగుల నుంచి వదిలితే పగలకూడదు. పెరుగు గిన్నెను నాలుగడుగుల నుంచి వదిలారు. ఆ రోజు సుభద్రాదేవి గారు కొత్త వెంకటగిరి చీర కట్టుకొచ్చారు. "కారుట గలదు" అని రాసి, నమూనాను తిరస్కరించి, ఆవిడ సగం రోజు సెలవు పెట్టి ఇంటికి వెళ్ళిపోయారు.

రెండో నమూనాకు నర్సమ్మ గిన్నె మీద మూత బిగించి గుడ్డ కట్టింది. జారవిడిచినా కారలేదు. తేమ పరీక్షలో పోయింది. మా మండలి నిబంధన ప్రకారం సంచిలో తేమ నూటికి ఇరవై మించకూడదు, మించితే బూజు పడుతుంది. పెరుగులో తేమ తొంభై ఒకటి వచ్చింది. సుభద్రాదేవి గారు ఆ అంకెను చూసి నిజంగానే కంగారుపడ్డారు. పంతొమ్మిదేళ్ళలో అంత తడిసిన సరుకును తాను చూడలేదన్నారు.

నేను ఆ కబురు చెబితే నర్సమ్మ నమ్మలేదు.

"పెరుగు తడిగా ఉన్నాదన్నారా?"

"అవును."

"మరి పెరుగు ఎలగుండాల బాబూ?"

దానికి ఫారంలో జవాబు లేదు. నర్సమ్మ మొండిది. అదే పెరుగును పలచగా పళ్ళెంలో పోసి, డాబా మీద మూడు రోజులు ఎండబెట్టి, పెచ్చులను దంచి పొడి చేసి తెచ్చింది. తేమ పదకొండు. అందరం మెచ్చుకున్నాం. అయితే ఎండి చిక్కబడ్డ పొడి కాబట్టి పట్టికలో అంకె మారిపోయి, రెండు చెంచాలకు కెలోరీలు నూట ఎనిమిది తేలాయి. తడిగా ఉంటే తేమలో పోతుంది, పొడిగా ఉంటే కెలోరీలలో పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు పెరుగు ద్వారా తెలిసింది.

నాలుగోది నిమ్మరసం, తడి. అయిదోది చింతపండు పులుసు, తడి, పైగా రంగు దిగుతుంది. ఆరోది నువ్వుల పొడి, కెలోరీలు. ఏడోది గోంగూర నూరి తెచ్చింది. దాని దగ్గర మాత్రం సంఘం రెండు గంటలు తర్జనభర్జన పడింది. గోగునార మా మండలి పరిధిలోని సరుకు. ఆ జాతి మొక్క ఆకే గోంగూర. నార మన పరిధిలోకి వస్తుంది గానీ ఆకు వ్యవసాయ శాఖదని విశ్వంభరరావు గారు తేల్చి, పరిధి దాటకూడదని నమూనాను తిప్పి పంపారు.

ఎనిమిదో నమూనా నాడు మరో గొడవ. పప్పులోకి తిరగమోత వేస్తుంటే చుయ్యిమన్న శబ్దం మేనేజరు గారి గదిదాకా వినబడింది. పన్నెండూ పదికి క్యాంటీను దిక్కు నుంచి అనుమానాస్పదమైన చిటపటలు వినవచ్చినందుకు సంజాయిషీ కోరుతూ నర్సమ్మకు మెమో ఇచ్చారు. నేనే రాశాను, నేనే ఇచ్చాను, సంజాయిషీ కూడా నేనే రాసి ఆవిడ చేత వేలిముద్ర వేయించాను. "ఆవాలు వాటంతటవే పేలినవి" అని రాశాను. దాన్ని అంగీకరించారు.

పదమూడు నమూనాలు అలా పోయాయి. మార్చి ముప్పై ఒకటిన చివరి సమావేశం. నమూనాల స్వీకరణకు ఆఖరి గడువు ఇరవై తొమ్మిది మధ్యాహ్నం రెండు గంటలు. ఆ ఉదయం నగరపు కంపెనీ మనిషి మెడలో టై కట్టుకుని వచ్చి, క్యాంటీను గోడలు టేపుతో కొలుచుకు పోయాడు. నర్సమ్మ అతనికి కూడా మంచినీళ్ళిచ్చింది.

పన్నెండున్నరకు ఆవిడ పద్నాలుగో నమూనా తెచ్చి నా టేబులు మీద పెట్టింది. చిన్న స్టీలు గిన్నె, పైన మూత. అందులో ఏముందని అడిగాను. మొదటి రోజు తెచ్చినదే అంది. ఇంకేమీ తోచలేదట. వెన్న తీసిన పెరుగు, నూరిన ఆవాలు, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి.

"పోతే పోనాది బాబూ. ఎల్లిపోయిన రోజున కూడా మంచిదే సేసి ఎల్లినానని ఉంటాది కదా," అని వెళ్ళిపోయింది.

ఇక్కడ నేను ఒక నేరం ఒప్పుకోవాలి. రెండు నెలలుగా నేను పప్పూ పకోడీ మీద బతుకుతున్నాను. ఆ రోజు పొట్ట ఉబ్బరంగా ఉండి, మా ఆవిడ డబ్బాలో దోసకాయ ముక్కలు కోసి పెట్టింది. గిన్నె మూత కొంచెం తీశాను, వాసన చూద్దామని మాత్రమే. ఆవ ఘాటు ముక్కుకు తగిలింది. ఒక్క ముక్క ముంచితే నమూనాకు వచ్చే నష్టం లేదనుకున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు వివరంగా గుర్తులేదు. గుర్తొచ్చేసరికి ముక్కలు అయిపోయాయి, గిన్నె అడుగున నా చూపుడువేలు ఉంది.

గిన్నెకు మూత పెట్టి చెయ్యి కడుక్కోవడానికి పరిగెత్తాను, ఆ తర్వాత గిన్నె పట్టుకుని క్యాంటీనుకు వెళ్ళి ఇంకాస్త వేయించుకు రావచ్చని. తిరిగొచ్చేసరికి టేబులు ఖాళీ. పరీక్షశాల నుంచి అటెండరు వచ్చి, మూత పెట్టి ఉన్న గిన్నెను పట్టుకుపోయాడు. నేను పరీక్షశాల గుమ్మం చేరేసరికి సుభద్రాదేవి గారు తలుపు వేసుకుని ఉన్నారు. పరీక్ష జరుగుతుండగా కన్వీనరు లోపలికి రాకూడదు. ఆ నియమం పెట్టినవాణ్ణి నేనే.

సిగ్గుతో చచ్చిపోయాను. పదకొండేళ్ళు నాకు అన్నం పెట్టిన మనిషి ఆఖరి అవకాశాన్ని వేలితో నాకేశాను. ఆ తలుపు తెరుచుకునేసరికి గడువు రెండు గంటలు దాటిపోయింది, క్యాంటీనుకు వెళ్ళాను. నర్సమ్మ పెద్ద గంగాళం తోముతోంది. ఇంటికి పట్టుకెళ్ళే సామాను ఒక మూల సర్ది ఉంది. జరిగింది జరిగినట్టు చెప్పాను. తిట్టినా పడదామనే వెళ్ళాను.

ఆవిడ తోమడం ఆపి నా మొహంలోకి చూసింది.

"మొత్తం తినీసినారా?"

"మొత్తం."

"ఎలాగున్నాది?"

"బాగుంది నర్సమ్మా. చాలా బాగుంది."

ఆవిడ నవ్వింది. అంత నవ్వు ఈ రెండు నెలల్లో నేను చూడలేదు. "అదే కదా బాబూ రిపోర్టు. ఆలేటి రాత్తే నాకేటి," అంది. కోడలు కూడా లోపల్నుంచి నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ముప్పై ఒకటిన అందరి ముందూ నిజం చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను.

ముప్పై ఒకటిన సంఘం కూర్చుంది. సుభద్రాదేవి గారు నివేదిక తెచ్చారు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. విశ్వంభరరావు గారు కళ్ళజోడు సవరించుకుని పైకి చదివారు.

"పద్నాలుగవ నమూనా. నాలుగడుగుల నుండి జారవిడువగా కారుట లేదు. తేమ, సున్న. రంగు దిగుట, లేదు. బూజు, లేదు. పురుగు, లేదు. ద్రవ్యపు బరువు, సున్న దశాంశం సున్న సున్న. కెలోరీలు, సున్న."

నేను లేచి నిలబడ్డాను. నోరు కూడా తెరిచాను. అయితే ఆయన నాకేసి చూడలేదు.

"సున్న," అన్నారు మళ్ళీ. కాగితాన్ని కళ్ళకద్దుకున్నారు. "ముప్పది మించరాదన్నారు. మనము సున్న సాధించితిమి. రాష్ట్రములో మరి ఏ ప్రాంతీయ కార్యాలయమునకైనా ఇది సాధ్యమా?"

గిన్నెలో ఏమీ కనబడలేదా అని సుభద్రాదేవి గారిని మెల్లగా అడిగాను. నమూనా లేదని రాయడానికి ఫారంలో గడి లేదని ఆవిడ అన్నారు. గడి లేనప్పుడు నమూనా ఉన్నట్టే. అన్ని గడులూ నిండాయి, అన్నీ పరిమితిలోనే ఉన్నాయి, ఇంకేం కావాలని నన్నే అడిగారు.

నేను కూర్చున్నాను. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నేను చేసిన ఒకే ఒక్క మంచిపని నోరు మూసుకోవడం. ఆ సాయంత్రం అయిదు గంటలకు నర్సమ్మ కాంట్రాక్టు మూడేళ్ళు పొడిగించాం. పద్నాలుగో నమూనాను ప్రతి ఉద్యోగికీ, ప్రతి కూరగాయ మీదా, రెండు చెంచాల చొప్పున తప్పక వేయాలని షరతు.

నర్సమ్మ షరతును అక్షరాలా పాటించింది. ఏప్రిల్ ఒకటి నుంచి క్యాంటీన్లోకి కూరగాయలు తిరిగొచ్చాయి. ప్రతి గిన్నె మీదా ఉత్త చెంచా రెండుసార్లు వంచేది. ఇక గిన్నెలో ఉన్న ఆవపెట్టిన పెరుగంటారా, పెరుగు ద్రవ్యం కాదు, పాలపదార్థం. మెనూలో పెరుగు మొదట్నుంచీ ఉంది. ఉద్యోగి తన పెరుగులో తన దోసకాయ ముక్కలు వేసుకుంటే మండలికి సంబంధం లేదని నేను ఫైల్లో రాశాను. నిమ్మకాయ పానీయాల పద్దు కిందికి వెళ్ళింది. పచ్చిపులుసు ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఇతరములు అని రాశాం.

పకోడీలు మానేసి రెండు నెలలయ్యేసరికి కాంటా దగ్గర మార్పు కనబడింది. సిబ్బంది మొత్తం మీద మూడు క్వింటాళ్ళు తగ్గాం. డెస్పాచ్ గుమాస్తా క్వింటాలు హోదా పోగొట్టుకుని కొన్నాళ్ళు దిగులుగా తిరిగాడు. విశ్వంభరరావు గారు పద్నాలుగో నమూనా ఘనత గురించి కేంద్ర కార్యాలయానికి ఎనిమిది పేజీల నివేదిక పంపారు. దాన్ని చదివి మిగతా ఏడు ప్రాంతీయ కార్యాలయాలు తలా ఒక సీసా పంపమని రాశాయి. పంపాం. ఖాళీ సీసాలకు లక్క సీలు వేసి, పగలకుండా గోనెసంచుల్లో కుట్టి, రసీదు తీసుకున్నాం. ఒక కార్యాలయం వాళ్ళు వాసన కొంచెం ఘాటుగా ఉందని జవాబు రాశారు.

అంతటితో ఆగిపోతే బాగుండేది. ఆగస్టు రెండో వారంలో ఎం.డి. గారు స్వయంగా తనిఖీకి వస్తున్నారని తెలిసింది. నర్సమ్మకు మూడేళ్ళ కాగితం ఇప్పించాను గానీ, ఆ కాగితం కింద ఉన్నది ఉత్త గిన్నె. అది బయటపడితే నా ఉద్యోగం సంగతి అలా ఉంచితే, ఆవిడను మోసం చేసిందని మెడపట్టి గెంటుతారు. ఆ రోజుకు నగరపు కంపెనీ ప్యాకెట్లు నాలుగు కొని దగ్గర పెట్టుకోమని చెప్పాను. ఆవిడ వద్దంది. వచ్చినాయన కూడా ఆకలితోనే వస్తాడు కదా అంది.

ఎం.డి. గారు వచ్చారు. సన్నగా, నీరసంగా ఉన్నారు. కొండల మీద నేర్చుకున్న పద్ధతిలోనే ఇంకా తింటున్నారట. కారులో ఆయనతో పాటు సీలు వేసిన ఆకుల డబ్బా ఒకటి వచ్చింది, అటెండరు దాన్ని చూసి మేకను కూడా తెచ్చారేమోనని కారులోకి తొంగిచూశాడు. పరీక్షశాల చూపించాం, కాంటా చూపించాం, రిజిస్టరు చూపించాం. భోజనానికి క్యాంటీన్లోనే కూర్చుంటానన్నారు.

నర్సమ్మ విస్తరి వేసి, పప్పు, అన్నం వడ్డించి, పక్కన స్టీలు గిన్నెలో దోసకాయ ముక్కలు వేసిన ఆవపెరుగు పెట్టింది. దాని మీద ఉత్త చెంచా రెండుసార్లు వంచింది. విశ్వంభరరావు గారు ఆయనకు ఎనిమిది పేజీల నివేదికలో మూడో పేజీ వివరిస్తున్నారు కాబట్టి ఎం.డి. గారు అది గమనించలేదు.

మొదటి ముద్ద తర్వాత ఎం.డి. గారు నాలుగో పేజీ వినడం మానేశారు. అయిదో పేజీకి గిన్నెను దగ్గరకు లాక్కున్నారు. ఎనిమిదో పేజీకి గిన్నె చేత్తో ఎత్తి పట్టుకుని చూపుడువేలితో అడుగు తుడిచారు. ఆ వేలు తిరిగే పద్ధతి నాకు బాగా తెలుసు. తర్వాత ఆయన ఒకసారి గట్టిగా ఊపిరి తీసి, తను అధికారి అన్న సంగతి గుర్తుతెచ్చుకుని, సర్దుకుని కూర్చున్నారు.

"సరే. ఏదీ, ఆ పద్నాలుగో నమూనా? విడిగా తెచ్చి చూపించండి."

విశ్వంభరరావు గారు సుభద్రాదేవి గారికేసి చూశారు. ఆవిడ నాకేసి చూశారు. నేనే తిన్నానని చెప్పేద్దామని నోరు తెరిచాను. నర్సమ్మ నాకంటే ముందు మాట్లాడింది.

"తవరి సేతిలోనే ఉన్నాది కదా బాబూ."

ఆయన చేతిలో ఉన్న గిన్నెలోకి చూశారు. తళతళలాడుతోంది. నివేదిక అందుకుని చూశారు. తేమ సున్న. బరువు సున్న. కెలోరీలు సున్న. మళ్ళీ గిన్నెలోకి చూశారు. గిన్నెను కొంచెం వంచి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు పోల్చారు.

"ఇంతకు ముందు ఇందులో ఉన్నదేమిటి?" అని అడిగారు నెమ్మదిగా.

"అది మొదటి నంబరు బాబూ. కారిపోతన్నాదని, తడెక్కువైపోనాదని ఆ గదిలో ఒద్దన్నారు. పనికిరాదని కాగితం కూడా ఇచ్చినారు."

ఎం.డి. గారు మా ముగ్గురి మొహాలూ వరసగా చూశారు. నా దగ్గర ఆగారు. నేను తల దించుకున్నాను. అప్పుడు ఆయన ఎడమచేత్తో జేబులోంచి పెన్ను తీసి, తనిఖీ పుస్తకం తెప్పించుకుని, వంకర అక్షరాలతో ఒక వాక్యం రాశారు. విశ్వంభరరావు గారు దాన్ని తర్వాత చట్రం కట్టించి గోడకు తగిలించారు. "పద్నాలుగవ నమూనాను స్వయముగా పరిశీలించితిని. నివేదికతో పూర్తిగా సరిపోయినది."

పుస్తకం మూసి, ఎవరూ చూడకుండా ఆకుల డబ్బాను కాలితో బల్ల కిందికి తోశారు. నేను చూశాను. గిన్నెను నర్సమ్మ ముందుకు జరిపారు.

"ఇంకోసారి వెయ్యమ్మా," అన్నారు. "ఆ పనికిరానిదే వెయ్యి."